తెర మీద అక్క చేతులు

తారాబాయికీ, ఆమె అక్క సోనాబాయికీ పుట్టుకతోనే వినపడదు. పోయిన ఏడు ఒక కంపెనీవాళ్లు అక్కను బౌరంపేటకు పిలిపించి, వినపడనివాళ్లకు తెర మీద సైగలు చేసి చెప్పే బొమ్మ కోసమంటూ ఆమె సైగలన్నీ కెమెరాలకెక్కించుకున్నారు. ఆరు నెలలకే అక్క చనిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక రాత్రి మేడ్చల్‌లోని ఒక ఆసుపత్రిలో, తనలాగే వినపడని భర్త నగేష్‌ను గుండెనొప్పితో లోపలికి తీసుకెళ్లి మూడు గంటలైంది. తారాబాయి ఎవరిని అడిగినా గోడ మీది తెరనే చూపిస్తున్నారు. అందులో బొమ్మ అమ్మాయి నవ్వుతూ, కాసేపు ఆగమని సైగ చేస్తోంది. ఆ చేతులు అక్కవే. వంకర చిటికెనవేలు కూడా వదల్లేదు.

తారాబాయికి ఒళ్లు మండింది. "సచ్చిన మనిషితోని గూడ పని జేయిస్తున్రా?" అని వాచ్‌మన్ ముందు చేతులు విదిలించింది. అతనికేమీ అర్థం కాలేదు. ఆమె విసురుగా వెళ్లి తెర ప్లగ్గు పీకేసింది.

బొమ్మ ఆగలేదు. నవ్వు మాత్రం పోయింది. అక్క ఒక్కతే పిలిచే ముద్దుపేరు సైగతో ఆమెను పిలిచింది.

"ఈడ కూసోకు చెల్లె. జల్దీ లోపలికి పో."

అడ్డొచ్చిన వాచ్‌మన్‌ను తోసేసి తారాబాయి తలుపు తెరిచింది. లోపల డాక్టరూ లేడు, నర్సూ లేదు. మంచం ఎదురుగా ఇంకో తెర, నల్లగా ఆరిపోయి ఉంది. దానికేసి చూస్తూ నగేష్ మెల్లగా సైగ చేస్తున్నాడు.

"వస్తున్న, వదినా."