నిప్పు వలయం

ఆటలో నిప్పు మంత్రం వేసే వంతు నాకొచ్చింది. బార్లీ టీ గ్లాసులు పక్కకి జరిపి, గళ్ల కాగితం మీద తీగ వలయం పెట్టాలి. అందులో చిక్కిన బొమ్మలన్నీ కాలిపోతాయి, మనవాళ్లవైనా సరే.

"రాక్షసుల మధ్య ఇరుక్కుపోయాను. కాస్త చూసి వెయ్యి," అన్నారు మా ఆయన హరునోబు.

పెళ్లయ్యాక ఆయన స్నేహితుల మధ్య నేను ఆడటం అదే మొదలు. వలయం పెట్టాను. రాక్షసులంతా అందులోకి వచ్చారు. వాళ్లతోపాటు మనవాళ్ల బొమ్మ ఒకటి.

"అయ్యో వదినా, నన్ను కాల్చేశావా!" ఆయన స్నేహితుడు కురాతా నెత్తి బాదుకున్నాడు. "పక్క గడిలో మీ ఆయనకి మాత్రం సెగైనా తగలనివ్వలేదే! ఒసాకా అంతా చాటింపు వేస్తానుండు!"

అందరూ పగలబడి నవ్వారు. నలుగురిలో నా వైపు చూడ్డానికే మొహమాటపడే మనిషి, అందరి ముందూ నా చెయ్యి పట్టుకున్నారు.

తల దించుకున్నాను. సిగ్గుపడుతున్నానని ఇంకా నవ్వారు.

ఆ బొమ్మ కురాతాదని అతను అరిచేదాకా నాకు తెలీదు. ఒక్క రాక్షసుడూ తప్పించుకోకూడదని, అందరూ నన్ను భేష్ అనాలని, అది మా ఆయన బొమ్మే అనుకుంటూనే దాని మీద వలయం పెట్టాను.