మంచు పడితేనే కథ

"మంచు పడనీవే, చెప్తాను," అంది ఫిలొమీన్, మనవరాలు చేతిలో పెట్టిన పొగాకు పొట్లాన్ని బల్ల మీదికి తోసేస్తూ. వాళ్ళలో పొగాకు పుచ్చుకుంటే అడిగింది చెప్పి తీరాలి మరి.

జోలీన్‌కి ఒళ్ళు మండింది.

"సోమవారం పుస్తకం అచ్చుకి పోవాలి అమ్మమ్మా! ఎడమ పేజీ మన క్రీ భాష, కుడి పేజీ ఇంగ్లీషు. కవితలన్నీ అయిపోయాయి. ఎలుగుబంటి కథ చివర ఒక్కటే మిగిలింది. ఆ రెండు పేజీలూ బోసిగా వదిలెయ్యమంటావా?"

"నేల మీద మంచు లేకుండా పాతకథలు చెప్పకూడదు. నీకు తెలీదూ?"

"చలికాలంలో అడిగితే బింగో ఆటకి టైమైందంటావు! చిన్నప్పుడేమో సగంలో ఆపేసి, 'మీరు నిద్రపోయారు పొండి' అనేదానివి. నేనెక్కడ నిద్రపోయాను? కళ్ళు పత్తికాయల్లా విప్పుకుని చూస్తుంటే!"

ఫిలొమీన్ గోడ మీది తల్లి ఫోటో దించి తుడవసాగింది. ఆరేళ్ళకి సర్కారు వాళ్ళ బోర్డింగు బడికి పోయి, పదహారేళ్ళకి తిరిగొచ్చేసరికి ఆవిడకి మిగిలింది ఆ ఫోటోనే.

ఈ ముసలిదాని మొండితనం పగవాడికి కూడా వద్దనుకుంటూ జోలీన్ ట్రక్కు తీసింది. గంటలో తిరిగొచ్చి, ఐస్ హాకీ ఆడే రింకు వెనక గీకి పోసిన మంచు తురుము నాలుగు తొట్లు గుమ్మం ముందు గుమ్మరించింది.

"ఇదిగో మంచు! ఇంక చెప్పు."

"నీ దుంప తెగ! సెప్టెంబరులో మంచు తెచ్చావటే!" ఫిలొమీన్ పొట్ట పట్టుకుని నవ్వింది. కుర్చీ వేయించుకుని, మంచులో కాళ్ళు పెట్టి మొదలుపెట్టింది. పొగాకు మాత్రం ముట్టుకోలేదు. జోలీన్ సంతోషంలో అది చూసుకోలేదు, గబగబా ఫోన్లో రికార్డు నొక్కింది.

అడవి అంటుకుంది. ఎలుగు పిల్లని వెతుక్కుంది. పొగలో దొరకబుచ్చుకుంది.

"...నది ఒడ్డుకొచ్చింది. పిల్లని వీపు మీద ఎక్కించుకుంది. నీళ్ళలో ఒక కాలు పెట్టింది..."

ఆగింది.

"ఊఁ, తర్వాత?"

"మంచు కరిగిపోయిందే."

"ఇంకో నాలుగు తొట్లు తెస్తాను!"

"వద్దు."

"ఎప్పుడూ ఇక్కడే! సరిగ్గా ఇక్కడే ఆపుతావు! కథంతా నీతోనే పట్టుకుపోదామనా? మాకు దక్కనివ్వవా?" జోలీన్‌కి ఏడుపొచ్చింది. "నీకో దండం, నీ ఆచారానికో దండం!"

ఫిలొమీన్ తడి పాదాలు తుడుచుకుంది.

"మా అమ్మ అక్కడిదాకా చెప్పేసరికే నన్ను బడికి పట్టుకుపోయారే."