పీకల మీదికొచ్చింది

తన భార్యకు దేవుడు రెండు చెవులిచ్చి రెండూ వృథా చేశాడని క్లారినెట్ విద్వాన్ గారి ఫిర్యాదు. ఆయన ఇలా వాయిద్యం ఎత్తగానే ఆవిడకు అలా మిక్సీ గుర్తొస్తుంది. రుబ్బడానికేమీ లేకపోతే ఖాళీ మిక్సీ అయినా తిప్పుతుంది.

విద్వాన్ అన్న బిరుదు ఏ సభవాళ్ళో ఇచ్చింది కాదు. పగలంతా బీమా కంపెనీలో కూర్చుని, సాయంత్రం ఇంటికి రాగానే తనకు తానే ఇచ్చుకున్నది. కాపురం పరాయి దేశంలో, ఓ అద్దె భవనం రెండో అంతస్తులో. ఇరుగుపొరుగుకు అన్యాయం జరగకూడదని పాపం కిటికీలు బార్లా తెరిచి మరీ వాయించేవారు.

అలాంటిది, కొన్నాళ్ళుగా ఆ కిటికీలోంచి చప్పుడు లేదు.

కారణం పీక. క్లారినెట్ మూతి దగ్గర బిగించే సన్నటి రెల్లు ముక్క అది. అరిగిపోయిందంటే ఇక అది వాయిద్యం కాదు, ఉత్త గొట్టం. ఈ ఊరి కొట్లలో కావలసినన్ని దొరుకుతాయి గానీ విద్వాన్ గారికి అవి ఆనవు. మన రాగాలు వాటి గొంతు దిగవట. స్వదేశంలో గురువుగారు చేత్తో చెక్కినవే కావాలి. వాటిని ఆయన అక్కయ్య తెచ్చి, కవర్లో పెట్టి, పోస్టులో వేస్తుందట. ఒకదాని తర్వాత ఒకటి వేస్తూనే ఉన్నానంటుంది. ఒక్కటీ చేరలేదు.

"అక్కయ్యా, నా పీకలు ఎవడో నొక్కేస్తున్నాడే!" అని ఫోన్లో గోలపెట్టారు.

"అయ్యో తమ్ముడూ! అన్ని దేశాలు దాటి రావాలి మరి, దారిలో ఏ వెధవ కన్ను పడిందో. మళ్ళీ పంపుతాలే, దిగులుపడకు" అంది అక్కయ్య. పోస్టులో పీకలు పోతున్నాయని ఆయన మెట్ల మీద కనిపించిన పొరుగువాళ్ళందరికీ చెప్పుకున్నారు.

ఇంతలో ప్రవాసుల సంఘం వార్షికోత్సవం దగ్గరపడింది. ఆహ్వానపత్రికలో ఆయన పేరు మొట్టమొదటిసారి అచ్చయింది. పీక లేకుండా వేదికెక్కితే పరువు గంగలో కలిసినట్టే. ఇక లాభం లేదని విద్వాన్ గారు ఆఫీసుకు సెలవు పెట్టి, కింద ఉత్తరాల పెట్టెల పక్కన, మెట్ల చాటున నక్కారు.

అక్కడ చూసిన దృశ్యానికి ఆయన ఒళ్ళు మండిపోయింది.

క్లారినెట్ మొదలవగానే చెవి మిషన్ తీసి జేబులో వేసుకునే కింది వాటా పెద్దాయన, పోస్ట్‌మ్యాన్ చేతిలో కొత్త ఉన్ని టోపీ పెట్టి భుజం తట్టాడు. రాత్రి డ్యూటీలు చేసే ఎదురింటి నర్సు కేకు డబ్బా ఇచ్చింది. పై వాటాలో కవలల తల్లయితే అతని కాళ్ళ మీద పడటం ఒక్కటే తక్కువ. "పిల్లలు హాయిగా నిద్రపోతున్నారు నాయనా. నీ మేలు మర్చిపోలేను" అంది. పోస్ట్‌మ్యాన్ అన్నీ పుచ్చుకుని వెర్రినవ్వు నవ్వాడు.

విద్వాన్ గారు రెండేసి మెట్లు ఎక్కుతూ ఇంట్లోకొచ్చి పడ్డారు.

"చూశావుటే! భవనం మొత్తం ఒక్కటై వాడికి లంచాలు మేపుతోంది. నా పీకలు వాడే మాయం చేస్తున్నాడు!"

"తొందరపడకండీ. కుర్రాడి ఉద్యోగం పోతుంది" అంది ఆవిడ.

"ఏం, ఆ కేకులో నీకూ వాటా ఉందా?"

"నా మొహానికి అదొక్కటే తక్కువ. ఒక్క ముక్కైనా పెట్టలేదు."

ఫిర్యాదు వెళ్ళింది. తపాలా శాఖ ఇన్‌స్పెక్టరు నేరుగా ఇంటికే వచ్చాడు. పోస్ట్‌మ్యాన్ ఓ మూల నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"వాళ్ళిచ్చారు, తీసుకున్నాను సార్. ఎందుకిచ్చారో నాకు నిజంగా తెలీదు. ఇంట్లో నెలల బిడ్డ ఉంది."

"మేము ఇతన్ని ఏమీ అడగలేదు. ఇతనే మా మీద దయ తలచాడేమో అనుకున్నాం, అంతే" అని గుమ్మంలోంచి గొణిగాడు కింది వాటా పెద్దాయన. దాంతో కేసు మరింత బిగిసింది.

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "కవర్లు పోస్టు చేశానని పంపినావిడ ఒక్క మాట చెబితే చాలు. ఈ పూటే ఇతన్ని ఇంటికి పంపిస్తాను."

విద్వాన్ గారు ఉత్సాహంగా అక్కయ్యకు ఫోను కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టారు. ఇన్‌స్పెక్టరుకు తెలుగు రాదు కాబట్టి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు తర్జుమా చేయడానికి భార్యగారు పక్కన కూర్చుంది.

"అక్కయ్యా, దొంగ దొరికాడే! ఎదురుగానే ఉన్నాడు. కవర్లన్నీ పోస్టు చేశావు కదూ? ఊ అను."

అవతల అక్కయ్య ఎదురు ప్రశ్న వేసింది.

"ఎవర్రా దొంగ?"

"పోస్ట్‌మ్యాన్. నువ్వు ఊ అంటే వాడి ఉద్యోగం ఊడుతుంది."

"పెళ్ళాం పిల్లలున్నవాడా?"

"నెలల బిడ్డ ఉందిట. ఉంటే మనకేం? ముందు ఊ అనవే తల్లీ, ఇన్‌స్పెక్టరు గారు కాచుక్కూర్చున్నారు!"

అక్కయ్య ఊ అనలేదు. సముద్రాల అవతల నుంచి ఓ పెద్ద నిట్టూర్పు వచ్చి బల్ల మీద పడింది.

"తప్పు నాదేరా తమ్ముడూ. చిన్నప్పుడు పక్క గదిలో పడుకుని నీ వాయింపు విన్నదాన్ని కదా, ఆ భవనం వాళ్ళ ఉసురు మనకెందుకని ఒక్క పీకా పోస్టు చెయ్యలేదు, అన్నీ నా బీరువాలోనే ఉన్నాయి. అసలు నువ్వు విమానం ఎక్కేరోజే ఆ గొట్టం కూడా లాగేసుకోవాల్సింది!"