బుద్ధుడి ముందు పెట్టని పెట్టె

మా ఆయన షిగెహారు ఇరవై ఏళ్లుగా ఒసాకాలో కిక్‌బాక్సర్. గెలిచినవి తక్కువ, ఓడినవే ఎక్కువ. రేపే ఆఖరి పోటీ.

పోటీల నిర్వాహకుడు మిఠాయి పెట్టెతో ఇంటికొచ్చాడు. "షిగెహారు గారూ, రేపు రెండో రౌండులో పడిపోండి. మీ మీదకి దిగే కుర్రాడు టీవీకి కొత్త, గెలవాలి. పడటం మీకు కొత్త కాదుగా!" అని నవ్వి వెళ్లాడు.

మా ఇంట్లో ఏ తినుబండారమైనా ముందు బుద్ధుడి దగ్గర పెడతాం. దీన్ని మాత్రం చెత్తబుట్టలో పడేసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

"ఛీ! ఈ పాపిష్టి తిండి దేవుడికా? ఓడినా సరే, రేపు నిజంగా కొట్లాడండి," అన్నాను.

"ఇప్పుడెందుకంత అసహ్యం?" అన్నారాయన తలెత్తకుండా. "పోటీకి ముందు అభిమానులిచ్చారని నేను తెచ్చిన పెట్టెలన్నీ ఎవరిచ్చారనుకున్నావు?"

వాటినే బుద్ధుడి ముందు పెట్టి, ఈయన గెలవాలని మొక్కుకునేదాన్ని.