పది నిమిషాల్లో పుట్టిన పాట

డెల్మర్ స్ట్రౌడ్ ఆ పాట ఎలా రాశాడో చెప్పడం మొదలుపెట్టగానే, అతని భార్య నెల్డా వేయించిన కోడికాలు కొరకడం ఆపింది. ఈసారి దేని మీద రాశాడో వినాలని.

"దాణా బస్తా చింపి దాని మీద రాశానమ్మా. పది నిమిషాలు, అంతే!"

పోయినేడు అది సిగరెట్ పెట్టె. అంతకుముందు చర్చిలో పంచిన కరపత్రం.

పత్రిక నుంచి వచ్చిన టెస్ కళ్ళు తుడుచుకుంటూ రాసుకుంది. 'వంతెన దాటి రా' రేడియోకెక్కి నలభై ఏళ్ళు. ఈ టెనెసీ కొండల్లో ఆ పాట లేకుండా పెళ్ళి జరగదు. షెరీఫ్ తన మూడు పెళ్ళిళ్ళూ దానితోనే చేసుకున్నాడు. మూడుసార్లూ ఏడ్చాడు. ఇవాళ సంతలో ఆ పాటకి శిలాఫలకం వేస్తున్నారు.

"నెల్డా గారూ, మొదటిసారి ఎప్పుడు విన్నారు?"

"పెళ్ళయిన ఏడాదికి, వంటింట్లో రేడియోలో. చేతిలో పెనం జారి కాలి మీద పడింది."

"ఆనందం!" అన్నాడు డెల్మర్, తళుకుల కోటు సర్దుకుంటూ.

"ఈయన అడగ్గానే పెళ్ళికి ఒప్పుకున్నారా?"

"లేదు పిల్లా. ఆర్నెల్లు చూశాను."

"నాకు పరీక్ష పెట్టిందమ్మా!"

నెల్డా కోడికాలు మళ్ళీ కొరికింది.

"ఇన్నేళ్ళుగా అదే పాట... విసుగనిపించదా?"

"ఈయన గొంతు విసుగే. పాట బాగుంటుంది."

టెస్ కిసుక్కున నవ్వింది. డెల్మర్ ఇంకా గట్టిగా నవ్వాడు. "అలాగే అంటుంది. కానీ ఒక్క కచేరీ మానలేదు. జ్వరమొచ్చినా ముందు వరసే. వేదిక మీంచి చూపు తిప్పదు!"

పక్కనే డెల్మర్ తమ్ముడు ఎల్వుడ్ తలొంచుకుని గిటారు శ్రుతి చేసుకుంటున్నాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. మొదటి రోజు నుంచీ అన్న వెనకే వాయిస్తున్నాడు.

"మీరేమంటారండీ?" అని అడిగింది టెస్.

"మంచి పాట. మా అన్నయ్యకి అంత బుర్ర ఉందని మాత్రం ఇప్పటికీ నమ్మకం కుదరదు," అన్నాడు ఎల్వుడ్. "నాకెవరైనా అలాంటిది ఒక్క ముక్క రాసుంటేనా, వంతెన దాకా ఎందుకు, ఏట్లో ఈదుకుంటూ పోయేవాణ్ణి."

అందరూ నవ్వారు. డెల్మర్ దగ్గి, "పద పద, జనం చూస్తున్నారు," అంటూ తమ్ముణ్ణి తోసుకుంటూ వేదికెక్కాడు.

పాట మొదలైంది. జంటలు చేతులు పట్టుకున్నాయి. షెరీఫ్ రుమాలు తీశాడు. ముందు వరసలో నెల్డా పెదవులు కదుపుతోంది, ఒక్క అక్షరం తప్పకుండా.

"ఎంత అదృష్టవంతురాలో!" అనుకుంది టెస్.

నలభై రెండేళ్ళ కిందట ఆ పాట రాసి, మడిచి, "ఇది మీ తమ్ముడికివ్వు" అని డెల్మర్ చేతిలో పెట్టింది నెల్డానే.