లోపలికి రాని పద్నాలుగు పేర్లు

సర్వర్ లేచింది. పెట్టె మీద పచ్చదీపం నిలకడగా వెలిగేదాకా గ్రీసెల్దా ఊపిరి బిగబట్టే ఉంది. ఎవరి సాయమూ లేకుండా ఆమె పెట్టిన మొదటి సర్వర్ అది. కాలిపోతుందనుకుంది. ఇల్లంతా అంటుకుంటుందని కూడా అనుకుంది. పొగైనా రాలేదు.

తొర్రెయోన్ ఊళ్ళో ఒక పాత ఇంటి ముందుగది. ఆడవాళ్ళ సంఘం ఆఫీసు. ఎవరో దానమిచ్చిన నాలుగు కంప్యూటర్లు. వాటన్నిటినీ ఒకే డొమైన్ కిందికి తెచ్చి, అందరి పేర్లూ సర్వర్‌లో ఒకే పట్టికలో ఎక్కించాలి. పట్టికలో పేరున్నవాళ్ళు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా లోపలికి వెళ్ళొచ్చు. లేనివాళ్ళకు దారి లేదు.

'మీవాళ్ళ పేర్లు రాయండి' అని గ్రీసెల్దా కంపెనీ పంపిన కాగితాన్ని సంఘం పెద్ద, అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే ఎతెల్వీనా, ముందే పొందిగ్గా నింపి ఉంచింది. పద్నాలుగు పేర్లు, పుట్టిన తేదీలు. పక్కన ఎత్తు కూడా.

"ఎత్తెందుకమ్మా? కంప్యూటరేమన్నా చొక్కాలు కుడుతుందా?" అంది గ్రీసెల్దా.

"అలవాటు తల్లీ. ఏ ఆఫీసులో కాగితమిచ్చినా చెయ్యి అలా రాసేస్తుంది."

పద్నాలుగు పేర్లూ ఎక్కించింది. ఒక్కొక్కరికీ మొదటి పాస్‌వర్డు చీటీ మీద రాసింది. చీటీలన్నీ అక్కడున్న ఆడవాళ్ళే అందుకున్నారు. వాళ్ళలో దోన్యా చాయో తన చేతికొచ్చిన చీటీని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

అంతలో మేనేజరు ఫోన్.

"ఐదింటికల్లా పద్నాలుగు పేర్లూ ఒక్కసారన్నా లోపలికి రావాలి. ఒక్కటి తగ్గినా రేపట్నుంచి మళ్ళీ ఫోనులెత్తే బల్ల దగ్గరే కూర్చుంటావు. ఈ పని ఇంకొకళ్ళకిస్తాను."

ఆ బల్ల దగ్గర్నుంచి ఇక్కడిదాకా రావడానికి గ్రీసెల్దాకు ఆరేళ్ళు పట్టింది. సరేనని ఫోన్ పెట్టేసి, మళ్ళీ తీసి చూసుకుంది. కొత్త కబురేమీ లేదు.

"ఎవరికోసమమ్మా, ఊరికే అలా చూస్తావు?" అంది చాయో.

"మా అమ్మాయి యారెలి. నర్సు పరీక్షకని ఆరింటి బస్సులో సల్తీయో వెళ్ళింది. తొమ్మిదిన్నరకే చేరాలి. పదకొండైంది. టైరు పేలిందో ఏమో. నేనిలా అంటే ఇంట్లో నవ్వుతారు, నీ నోట మంచిమాట రాదా అని."

ఇక్కడెవరూ నవ్వలేదు. 

"ఏ రంగు బట్టలేసుకుంది?" అంది ఎతెల్వీనా.

"తెల్లవి. ఏం?"

"బస్సు నంబరు చూశావా?"

"పొద్దున బయల్దేరేటప్పుడు ఫోటో తీసుకున్నావా?" అంది వెనకనుంచి ఇంకొకామె.

తనకంటే పిరికివాళ్ళు కూడా ఉన్నారే అనుకుంది గ్రీసెల్దా. అయినా ఫోను చేతిలోంచి కింద పెట్టలేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. 'చేరాను. ఆకలేస్తోంది.'

చాయో ఆ ఫోను లాక్కుని, అద్దాన్ని ముద్దుపెట్టుకుని, కొంగులాంటి తన ముందుగుడ్డతో తుడిచి ఇచ్చింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

మధ్యాహ్నం మూడైంది. నాలుగు కుర్చీలూ ఖాళీ. తెర మీద పద్నాలుగు పేర్ల పక్కనా ఒకటే మాట. చివరిసారి లోపలికి వచ్చింది: ఎప్పుడూ లేదు. ఎప్పుడూ లేదు. ఎప్పుడూ లేదు.

"ఈ లిసాంద్రో ఏడమ్మా?"

"పనికని బయల్దేరాడు. ఇంకా రాలేదు."

"అబ్దియేల్?"

"స్నేహితుడి పెళ్ళికెళ్ళాడు."

"పోనీ, నెరెయిదా?"

"మందుల షాపుకి. ఇప్పుడే వస్తానంది."

"మీవాళ్ళకి బొత్తిగా భయం లేదమ్మా," అంది గ్రీసెల్దా విసుగ్గా. "నా ఉద్యోగం మీదికొచ్చింది."

"రానీ, నాలుగు తిడతాను," అంది ఎతెల్వీనా మెల్లగా.

చాయో ఒక కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. "లిసాంద్రో లోపలికొస్తే ఇక్కడ తెలుస్తుందా?"

"తెలుస్తుంది. ఎన్ని గంటలకొచ్చాడో, ఏ కంప్యూటర్ నుంచో, అంతా పడుతుంది."

"అంతానా?"

అంతే. వంటగదిలో ఉన్నవాళ్ళు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చేశారు. చాయోతో కలిపి పదకొండు మంది ఆడవాళ్ళూ తెర చుట్టూ చేరి, కన్నార్పకుండా ఆ పేర్లనే చూస్తున్నారు.  బయట ఎండ మండిపోతోంది. గ్రీసెల్దాకు ఖాళీ కుర్చీలవైపు చూడబుద్ధి కాలేదు. చూస్తే ఎవరైనా కూర్చుని ఉంటారేమోనని భయం.

నాలుగు దాటింది. ఒక్క పేరూ కదల్లేదు.

"మీ కాళ్ళు పట్టుకుంటానమ్మా," అంది గ్రీసెల్దా. "వాళ్ళెక్కడున్నారో చెప్పండి. నేనే వెళ్ళి తీసుకొస్తాను."

 ఎతెల్వీనా టోపీ పెట్టుకుంది.

"గురువారం కదా, మేమంతా చౌక్‌కి వెళ్ళే వేళ. వాళ్ళకోసమే వెళ్తాం. నువ్వూ రా."

గ్రీసెల్దా సంచి భుజానికి తగిలించుకుని పరుగులాంటి నడకతో వాళ్ళ వెంట పడింది. ఐదుకింకా అరగంటుంది. నలుగురు దొరికినా చాలు, మిగతావాళ్ళకు రేపటిదాకా గడువడగొచ్చు.

చౌక్‌లో ఆ పదకొండు మందీ చుట్టచుట్టిన గుడ్డలు విప్పి గుండెలకు ఆనించుకుని వరసగా నిలబడ్డారు. ఒక్కో గుడ్డ మీదా ఒకటో రెండో ఫోటోలు, ఫోటో కింద పొద్దున గ్రీసెల్దా సర్వర్‌లో ఎక్కించిన పేరు, దాని కింద పెద్ద అక్షరాలతో 'కనబడుటలేదు'.