ఆవకాయ వద్దు

గౌరీదేవి క్యారియర్ గిన్నెను మెస్సు బల్ల మీద ఠపీమని పెట్టింది.

“ఏటమ్మా ఇది? ఈయనకి బీపీ. ‘ఉప్పు తక్కువ, ఆవకాయ వద్దు’ అని మీ సైటులో నేనే ఎట్టినాను. మల్లీ ఆవకాయే వచ్చింది!”

కాసిడీహ్ పేటలో ఆ మెస్సు వరహాలమ్మది. భోజనాలకి ఆర్డర్లు తీసుకునే సైటు తయారుచేసింది ఆమె కూతురు తనుశ్రీ. ఆ పిల్ల గబగబా లాప్‌టాప్ తెరిచి చూసి నాలుక కరుచుకుంది.

“సారీ ఆంటీ, గల్తీ మేరీ హై, తప్పు నాదే. అంకుల్ పొద్దున్న పాస్‌వర్డ్ మర్చిపోయి కొత్తది పెట్టుకున్నారు. పాస్‌వర్డూ, భోజనం సెట్టింగులూ ఒకేచోట దాచాను. అది మారితే ఇవీ చెరిగిపోయి, అందరికీ వెళ్లే మామూలు భోజనం వచ్చేస్తోంది.”

“తాళం మార్చమంటే బీరువానే మార్చేత్తందన్నమాట,” అన్నాడు గౌరీదేవి వెనకాల నిలబడ్డ ఆమె భర్త సోమేశ్వరరావు. “పోనీలే తల్లీ. పారేత్తే పాపమని నేనే తినేత్తన్నాను.”

గౌరీదేవి కళ్లు చెమర్చాయి.

“ఆవకాయ కాదమ్మా నా బాధ. వారం తిరక్కుండా పాస్‌వర్డ్ మర్సిపోతన్నారు. ప్లాంటులో ఎప్పుడో తనతో క్రేను నడిపినోల్ల పేర్లు మాత్రం గడగడా సెప్తారు. మా మావగారికీ ఇలాగే మొదలయింది. ఆఖరికి కన్నకొడుకునే ‘ఎవులు బాబూ?’ అనడిగినారు. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెల్తన్నాను.”

సోమేశ్వరరావు తల దించుకున్నాడు. తనుశ్రీకి ఆయన మీద జాలేసింది.

“ఇప్పుడే రెండూ విడదీసేస్తాను, అంకుల్.”

“నడుత్తన్న సైటుని కెలకడం ఎందుకమ్మా? ఉన్నదీ పాడైపోద్ది.”

“కుఛ్ నహీ హోగా, ఏమీ కాదు.”

చెప్పినట్టే ఆ సాయంత్రానికి పాస్‌వర్డులు ఒకచోట, సెట్టింగులు వేరేచోట పెట్టింది. ఆయన చేతే మరో కొత్త పాస్‌వర్డ్ పెట్టించి చూసింది. ‘ఆవకాయ వద్దు’ చెక్కుచెదరలేదు.

“మల్లీ మర్సిపోతేనో?” దిగులుగా అడిగాడు సోమేశ్వరరావు.

“ఎన్నిసార్లయినా మర్చిపోండి అంకుల్. ఆవకాయ మాత్రం రాదు.”

గౌరీదేవి ఆ పిల్ల తల నిమిరింది. ఇంటికి, బారిడీహ్ వెళ్లే ఆటోలో దారి పొడుగునా భర్త చెయ్యి పట్టుకునే కూర్చుంది. సోమవారం డాక్టరు ఆయన్ని ఏవేవో అడిగి, ఏ లోపమూ లేదని పంపించేశాడు. అయినా ఆమె బెంగ తీరలేదు. రోజూ పొద్దున్నే ఆయన భోజనానికి ఆర్డరు పెడుతుంటే పక్కనే నిలబడి, వేళ్లకేసి చూస్తూ ఉండేది.

ఆవకాయ రావడం ఆగిన ఆ రోజు నుంచి సోమేశ్వరరావు పాస్‌వర్డ్ మళ్లీ మర్చిపోలేదు.